దానమా, భాగమా?

భువనగిరి కోటకు అనతిదూరమున నున్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డిగారు భూమిలేని హరిజనులకై 100 ఎకరములు భూదానోద్యమకర్త వినోబా భావేకు సమర్పించినపుడు, దానమనగా సంవిభాగము, అనగా చక్కగా పంచుకొనుట, అను శంకరుల గీతాభాష్యార్థము ఈ మెట్టనేలపై రూపుదాల్చినది. అదే నేలపై 2018లో తెలంగాణ ప్రభుత్వపు రైతుబంధు పథకము ఎకరమునకు పంటకు 4000 రూపాయల వంతున నేరుగా అందజేయగా, తొలకరి నాటికి విత్తనములకై వడ్డీవ్యాపారి వాకిట చేతులు కట్టుకొని నిలువవలసిన అగత్యము కొంతైనను తప్పి, సన్నకారు రైతు తలయెత్తుకొని నడవగల్గెను. ఆ తలయెత్తుటయే నాకు ధనముకంటె విలువైనదిగా తోచును; ఏలయన, పుచ్చుకొనువానిని కుంగదీయు దానము సాత్త్వికము కానేరదు. అయితే ఆ ధనము పట్టా వెంట నడచినందున కౌలుదారు దానికి వెలియైనాడు. పరుల చేనిలో చెమటోడ్చుచు, కౌలు చెల్లించుచు, ఆతడు మరల ఆ వడ్డీవ్యాపారి వాకిటికే పోవలసివచ్చెను.