పాలిష్ తర్వాత, ముందు సిల్ సంగతి చూడు నాన్నా

నాన్నా, ఎంజీబీ కారు కొన్నావట. సంతోషం. ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడి వాళ్లు ప్రాణంగా చూసుకునే బండిని మన పిల్లలు కొనుక్కుని నడుపుతుంటే నాకు ఎంత బాగుంటుందో! క్రోమ్ బంపర్లు తోమావట, రంగుకు పాలిష్ పట్టావట, వైరు చక్రాలు ఒక్కొక్క కమ్మీ తుడిచావట. నీ శ్రద్ధకు వంక పెట్టను. కానీ ఆ శ్రద్ధంతా కంటికి కనపడే చోటే ఖర్చుపెట్టేశావు. ఈ బండికి చేటు తెచ్చేది కంటికి కనపడని చోట ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు. అందుకే చెబుతున్నా, పాలిష్ రేపు చేసుకోవచ్చు, ముందు లోపలి డొల్ల చూడు.

ఎందుకంటావా? ఎంజీబీ 1962లో వచ్చింది. దానికి ముందున్న ఎంజీఏకి కింద విడిగా ఛాసిస్ ఉండేది, దానిమీద బాడీ కూర్చోబెట్టేవాళ్లు. ఎంజీబీకి ఆ ఛాసిస్ లేదు. రేకులే మడిచి, డొల్ల పెట్టెలుగా అతికించి, బరువంతా ఆ పెట్టెలే మోసేట్టు కట్టారు. పైగా నీది రోడ్‌స్టర్, పైన కప్పు కూడా లేదు. ముందు సగాన్నీ వెనక సగాన్నీ పట్టి ఉంచే భారం చాలావరకు తలుపుల కింద ఉండే రెండు సిల్‌ల మీదే పడుతుంది. ఒక్కో సిల్‌లో బయట ఒక రేకు, లోపల ఒక రేకు, ఆ రెంటి మధ్య నిలువుగా ఇంకో రేకు, అడుగున కాసిల్ రైల్ అనే మడత రేకు. ఇన్ని రేకులున్నా నీకు కనపడేది బయటిదొక్కటే. నువ్వు పాలిష్ పట్టిందీ దానికే.

ఇక నీళ్లు ఎలా చేరతాయో విను. ముందు చక్రం వెనక, మడ్‌గార్డ్ లోపల ఒక అడ్డ రేకు ఉంటుంది, దాని అంచుకు రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ రబ్బరు ఎండి విరిగిందంటే చక్రం విసిరిన బురదంతా అడ్డ రేకు వెనక్కి దూరి, సిల్ ముందు కొస మీద పేరుకుంటుంది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా ఆ బురదలోనే ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి వాన లేని రోజుల్లోనూ అక్కడ తడి ఆరదు. తలుపు అద్దం పక్క రబ్బరు పాతబడితే నీళ్లు తలుపులోకి దిగుతాయి. ముందు అద్దం కింద ఉన్న గాలి జాలీలో ఆకులు పడితే, నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతుంది. అడుగున కన్నాలు తెరిచి ఉన్నంతకాలం వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి. అవి మూసుకుపోయిన రోజునుంచే చేటు మొదలు.

అన్నిటికంటే మొండి చోటు అతుకులు. స్పాట్ వెల్డింగ్ చేసిన రెండు రేకుల మధ్య సందులోకి రంగు సరిగ్గా చేరదు గానీ, నీళ్లు మాత్రం వాటంతటవే పాకుతాయి. తుప్పుకు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు కావాలి. అందుకని అది సందును ఉబ్బించి రేకులను విడదీస్తుంది. బయట రంగు మీద నీకు చిన్న పొక్కు కనపడే నాటికి లోపల ఎన్నాళ్లుగానో నడుస్తున్న వ్యవహారం అది. ఆ పొక్కును గీకి, పుట్టీ పెట్టి, రంగేసి, హమ్మయ్య అనుకోకు.

తుప్పును కనిపెట్టి చెప్పేవాళ్లుంటారులే అనుకుంటావేమో. 2018 మే 20 నుంచి, నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండ్లకు ఇక్కడ ఏటా బండి భద్రత చూసే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. ఎంజీబీ తయారీ 1980లోనే ఆగిపోయింది కాబట్టి నీ బండి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అంటే ఏడాదికోసారి కింద దూరి సుత్తితో తట్టిచూసే మనిషి కూడా నీకు లేడు. అడిగి చేయించుకోవచ్చు, చేయించుకో. నీ పక్క సీట్లో కూర్చునేది నీ ఇంటివాళ్లే. వాళ్ల సీటు బెల్టులు బిగించి ఉండేది కూడా ఈ రేకులకే.

ముందు చూసుకోవడం ఎలాగో చెబుతా. తలుపు సందును ఒకసారి చూసుకుని, బండిని జాకీతో ఎత్తు. సందు మారినా, తలుపు పట్టేసినా సిల్ నీరసించిందని అర్థం. అయస్కాంతం ఆనించి చూడు, అంటుకోని చోట పుట్టీ ఉంది. ఫోనుకు తగిలించుకునే సన్నటి గొట్టం కెమెరాలు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి. ఒకటి తెచ్చి సిల్‌లోకి తోసి చూడు. ఇంట్లో పిల్లలుంటే ఫోను వాళ్ల చేతికివ్వు. చూడ్డం అనే అలవాటు వాళ్లకూ అబ్బుతుంది.

లోపల రేకును తుప్పు తినేసి ఉంటే ముందు వెల్డింగ్. తుప్పు పట్టకుండా డొల్లల్లో కొట్టే మైనం ఆ తర్వాతే. ఈ వరస మాత్రం తప్పకు. మైనం పూసిన సిల్ మీద వెల్డింగ్ మంట తగిలితే అంటుకుంటుంది. తొందరపడి ముందు మైనం కొట్టేసి, తర్వాత వెల్డింగ్‌కు తీసుకెళ్లిన బండి మంచి పనివాడిక్కూడా తలనొప్పే.

రేకు గట్టిగానే ఉందనుకో, అప్పుడైనా తొందర వద్దు. కన్నాలు శుభ్రం చెయ్యి. పేరుకున్న బురదను నీళ్లతో మెల్లగా కడిగెయ్యి. తర్వాత ఆరనివ్వు. ఆవకాయ పెట్టేటప్పుడు మీ అమ్మ ఏం చేస్తుంది? ముక్కను తుడిచి ఆరబెడుతుంది, జాడీలో తడి లేకుండా చూస్తుంది, ఆ తర్వాతే నూనె పోస్తుంది. లోపల తడి ఉండిపోతే పైన ఎంత నూనె తేలినా ఊరగాయ నిలవదు. ఇక్కడా అంతే. మైనం చేసే పనల్లా రేకుకు నీళ్లు, గాలి తగలకుండా అడ్డుపడటం. తడిని లోపలే పెట్టి మూసేస్తే ఏం లాభం? కాబట్టి ఎండాకాలంలో కొన్నాళ్లు పొడిగా నిలబెట్టు, గాలి పట్టించు, కెమెరా పెట్టి చూడు, ఆరిందని నమ్మకం కుదిరాకే డబ్బా తియ్యి.

వ్యాక్సాయిల్, డినిట్రాల్, బిల్ట్ హ్యాంబర్ ఇలా రకరకాలు దొరుకుతాయి. ఏది కొన్నా డొల్లల్లో కొట్టే పల్చటి మైనం తీసుకో. అడుగుభాగానికి పూసే మందపాటిది అతుకుల్లోకి పాకదు. నల్లటి తారు పూతల జోలికి మాత్రం వెళ్లకు. గట్టిపడి చిట్లితే దానివెనకే నీళ్లు నిలుస్తాయి. డబ్బాను కాసేపు గోరువెచ్చటి నీళ్లలో పెట్టు, మంట మీద మాత్రం ఎప్పుడూ పెట్టకు. గ్యారేజీ తలుపు బార్లా తెరువు, మాస్కు పెట్టుకో, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకో. బ్రేకుల మీదా, సీటు బెల్టు రీళ్ల మీదా పడకుండా ముందే కప్పెయ్యి.

చుట్టూ చిమ్మే ముక్కున్న సన్నటి గొట్టాన్ని సిల్ ఆ చివరిదాకా తోసి, చిమ్ముతూ మెల్లగా వెనక్కి లాగు. జానెడు లాగి ఆగు, మళ్లీ జానెడు. మధ్యలో నిలువు రేకు ఉందని చెప్పాను కదా, అందువల్ల లోపల రెండు గదులు. ఒక గదిలో కొట్టి అయిపోయిందనుకోకు. సరిగ్గా పట్టిందా లేదా తెలియాలంటే కింద పడుకుని చూడు. అడుగు అతుకు పొడుగునా మైనం సన్నటి గీతగా చెమర్చాలి. అలా చెమర్చితే సందులోకి పాకినట్టు. లేదంటే ఇంకోసారి కొట్టు. ఉన్న కన్నాలతోనే పని కానివ్వు. బరువు మోసే రేకుకు ఎక్కడ పడితే అక్కడ కొత్త కన్నాలు పెట్టకు. తప్పనిసరై పెడితే అంచుకు ప్రైమర్ పూసి రబ్బరు బిరడా బిగించు.

అయిపోయింది కదా అని చేతులు కడుక్కోకు. మర్నాడు వెళ్లి అడుగున నీళ్లు పోయే కన్నాలన్నీ సన్నటి తీగతో పొడిచి తెరువు. మైనం కారి వాటిని మూసేస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. తుప్పును ఆపడానికి పూసిన మైనమే నీళ్లకు ఆనకట్ట కడితే చేసిన పనంతా వృథా.

ఏడాదికోసారి కెమెరాతో చూడు, పల్చబడిన చోట మళ్లీ కొట్టు. ఉప్పు రోడ్ల మీద తిరిగొస్తే అడుగుభాగం మంచినీళ్లతో కడుగు. తడి బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పకు, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

ఇదంతా చాదస్తం అనిపిస్తే ఒక్క మాట విను. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి ఎంజీబీకి కొత్త బాడీలు తయారుచేసి అమ్ముతోంది. ఇంజను బాగు చేసుకోవచ్చు, గేర్‌బాక్స్ విప్పి బిగించుకోవచ్చు, కానీ రేకు లోపలినుంచి పోతే బండికి బండే మార్చుకోవాల్సి వస్తుంది కాబట్టే ఆ బాడీలకు గిరాకీ. అంత ఖర్చుకు ముందు ఒక వేసవి, రెండు మూడు డబ్బాల మైనం, కాస్త ఓపిక ఎంతమాత్రం ఎక్కువ కాదు.

నీకు మనసు లేదని అనను నాన్నా, తొందర ఉందంటాను అంతే. అక్టోబరు దాటితే చెమ్మ, ఉప్పు రెండూ మొదలవుతాయి. ఈ శనివారం పాలిష్ డబ్బా అరలో పెట్టి, టార్చి పట్టుకుని బండి కింద దూరు. సిల్ కింద కన్నాలు ఎన్ని ఉన్నాయో, అందులో ఎన్ని తెరిచి ఉన్నాయో లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్యి. మిగతా సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.