హక్కు అడిగేవారికి బాధ్యత లేదా?

అమెరికాలో తుపాకీ ఉంచుకోవడం పౌరుల హక్కు. 1791లో రాజ్యాంగంలో చేరిన రెండో సవరణ దానికి ఆధారం. మరి ఆ హక్కు కోసం వాదించేవాళ్లు ప్రాణాలు కాపాడగలరా? కాపాడగలరనే నేనంటాను.

2009లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒకే వారంలో ముగ్గురు ఒకే దుకాణంలో తుపాకులు కొని, గంటల్లోనే ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత దుకాణదారులు, తుపాకీ హక్కుల వాళ్లు, ఆరోగ్య కార్యకర్తలు కలిసి కూర్చున్నారు. బాధలో ఉన్న మనిషికి తుపాకీ అమ్మొద్దని, అలాంటి స్నేహితుడి తుపాకీని కొన్నాళ్లు దూరంగా దాచమని దుకాణాల్లో చెప్పడం మొదలుపెట్టారు. తుపాకీ వద్దనేవాళ్లు చెబితే వినని యజమాని, తనవాళ్లు చెబితే వింటాడు కదా!

అందుకే నా అభిప్రాయం: హక్కు గురించి గట్టిగా మాట్లాడేవాళ్లే జాగ్రత్త గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి.