మనుష్యుల యెదుట వణకువారికి తోడు



ఆదివారపు ఆరాధనలో వాక్యభాగము చదువుమని పిలువగానే మనలో కొందరి చేతులు వణకును, నోరెండిపోవును, అక్షరములు అలుక్కుపోవును. మరికొందరు ఆ పిలుపునకే భయపడి గుడికి రాక మానుదురు. అట్టివారిని చూచి “వీరికి విశ్వాసము చాలదు” అందుము. ఈ మాట న్యాయమా?

నిర్గమకాండము నాలుగవ అధ్యాయములో మోషేను చూతము. దేవుడే పిలిచినను, తనకు మాటనేర్పు లేదని అతడు వెనుకకు జరిగెను. దేవుడు కోపపడెను గాని అతనిని విడువలేదు. అతని భయము తీరువరకు ఆగనూ లేదు. అన్నయైన అహరోనును తోడిచ్చి పంపెను. పౌలు సైతము కొరింథునకు భయముతో వచ్చితినని దాచక వ్రాసెను.

మన జనగామ ప్రాంతమున ఈ భయమునకు మరియొక వేరు గలదు. దొరల కాలమున మన పెద్దలు గడీ యెదుట తల వంచి నడిచిరి. ఆ వంగిన తల బిడ్డలకును అలవాటయ్యెను. అయితే 1940ల దశకములో పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖునకు లొంగక తన పంటను దక్కించుకొనెను. ఆమె ధైర్యము గొప్పది. అయినను ఆమె ఒంటరి కాదు. ఆంధ్ర మహాసభవారు ఆమెకు తోడు నిలిచిరి. జనులు ఆ సభను ‘సంఘము’ అని పిలిచిరి. మనమును సంఘమే గదా!

భయపడిన చోటును తప్పించుకొనిన, ఆ దినము నెమ్మదిగా నుండును గాని మరునాడు భయము పెరుగును. కొద్దికొద్దిగా ఎదుర్కొనిన తగ్గును. కనుక మొదట ఇంట ఒకరి యెదుట ఒక వచనము చదువుదము, పిమ్మట గృహకూటములో, ఆ పిమ్మట గుడిలో. గుండె దడదడలాడినను ఆపకుందము. ఆ దడ కొంతసేపటికి అణగును. మన వణకును ఇతరులు మనమనుకొనునంతగా గమనింపరు.

బడికి, పనికి, పెండ్లికి పోలేనంతగా భయము బాధించినయెడల వైద్యుని సలహా అడుగుట అవిశ్వాసము కాదు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారితో 14416 నంబరున తెలుగులోనే ఉచితముగా మాటలాడవచ్చును. ఒంటరిగా ఫోను చేయలేనివాని ప్రక్కన ఇంటివారొకరు కూర్చుండవలెను.

వచ్చే ఆదివారము ఎవరైన చదువుచు తడబడిన నవ్వకుందము, తొందరపెట్టకుందము. వారి ప్రక్కన నిలువవలసిన అహరోను మనమే. ప్రభువు మనకట్టి కృప దయచేయును గాక. ఆమేన్.