రోగం కుదిర్చినవాడు రాజ్యం నడపవచ్చునా?

చంద్రస్వామి అనే పేరు చెబితే ఈనాటి యువతీయువకులకు వెంటనే ఏమీ గుర్తుకు రాకపోవచ్చు. నడివయసు దాటినవారికి మాత్రం నుదుట పెద్ద బొట్టు, మెడలో రుద్రాక్షలు, గుబురు గడ్డం గల ఆ మనిషి బొమ్మను పత్రికల్లో చూసిన జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1948లో రాజస్థాన్‌లో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో హైదరాబాదు చేరి అక్కడే పెరిగిన నేమిచంద్ జైన్, తాంత్రికుడిగా, జ్యోతిష్కుడిగా పేరు పొంది చంద్రస్వామి అయ్యాడు. దేశదేశాల ధనవంతులు, ఆయుధ వ్యాపారులు, మంత్రులు ఆయన చుట్టూ తిరిగారు. మన తెలుగువారైన పి.వి. నరసింహారావుగారు 1991 నుండి 1996 వరకు ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో ఢిల్లీలో ఆయన ప్రాబల్యం ఎంతటిదో కథలు కథలుగా చెప్పుకునేవారు. 1995లో హోంశాఖ సహాయమంత్రి రాజేశ్ పైలట్ చంద్రస్వామిని అరెస్టు చేయమని ఆదేశించారు. కొద్దిరోజులకే ఆయనను పర్యావరణ శాఖకు మార్చారు. ఆ రెంటికీ సంబంధం ఉందనే జనం నమ్మారు. రష్యాలోని రాస్పుటిన్‌తో ఆయనను పోల్చడం అప్పట్లో మామూలయింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఇంగ్లండులో పచ్చళ్ల వ్యాపారం చేసే లఖూభాయ్ పాఠక్, ఒక ప్రభుత్వ కాంట్రాక్టు కోసం 1983లో చంద్రస్వామికి లక్ష డాలర్లు ఇచ్చాననీ, అప్పటి విదేశాంగ మంత్రి పి.వి.గారికి అది తెలుసుననీ ఆరోపించారు. ఆ కేసు నడిచి నడిచి 2003 డిసెంబరులో కొట్టుడుపోయింది. అందరూ నిర్దోషులని కోర్టు తీర్పు చెప్పింది. వి.పి. సింగ్ కుమారుని పేర విదేశీ బ్యాంకు ఖాతా పత్రాలు సృష్టించారన్న సెయింట్ కిట్స్ కేసులోనూ పి.వి.గారిపై అభియోగం నిలవలేదు. కనుక కోర్టు తేల్చినదాన్ని మనం తిరగదోడవద్దు.

నన్ను ఆలోచింపజేసేది వేరొకటి. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు నవలను హిందీలోకి అనువదించిన పండితుడు, ఎన్నో భాషలు నేర్చినవారు, 1991లో దివాలా అంచున ఉన్న దేశాన్ని గట్టెక్కించిన పరిపాలకుడు పి.వి.గారు. అటువంటివారి పరిసరాల్లో ఒక తాంత్రికునికి చోటెలా దొరికింది? ఆయన మనసులో ఏముందో తీర్పు చెప్పడం మన పని కాదు. కాని ఒకటి మాత్రం తెలుస్తోంది. చదువు లేనివారే ఇటువంటివారి వెంట పడతారని మనం అనుకుంటాం. అది నిజం కాదు. చదువు అజ్ఞానాన్ని తీర్చగలదు గాని రేపేమవుతుందోనన్న దిగులును తీర్చలేదు. ఆ దిగులు గుడిసెలోనూ ఉంటుంది, కోటలోనూ ఉంటుంది.

ఈ సంగతి బాగా అర్థం కావాలంటే అసలు రాస్పుటిన్ దగ్గరకే వెళ్లాలి. ఆ కథలో రాజకుటుంబం రాసుకున్న ఉత్తరాలు కూడా తరువాత అచ్చయ్యాయి గనుక, లోపల ఏం జరిగిందో చాలావరకు తెలుస్తుంది.

గ్రిగోరి రాస్పుటిన్ 1869లో సైబీరియాలోని ఒక పల్లెలో పుట్టిన రైతు. భార్యాబిడ్డలున్న సంసారి. ఆయన గురువూ కాదు, మఠవాసీ కాదు. మఠాలు తిరిగి, యాత్రలు చేసి, దైవభక్తుడని పేరు పొందాడు. 1905లో చక్రవర్తి రెండవ నికొలాస్‌ను, మహారాణి అలెగ్జాండ్రాను కలుసుకున్నాడు. వారి ఒక్కగానొక్క కొడుకు అలెక్సీ 1904లో పుట్టాడు. ఆ బిడ్డకు హీమోఫీలియా. అంటే చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం ఆగకుండా కారే జబ్బు. ఆనాటి వైద్యంలో దానికి మందు లేదు. పైగా అది తల్లి వైపు నుండి వచ్చిన జబ్బు. తన రక్తమే తన బిడ్డను చంపుతోందన్న బాధతో ఆ తల్లి రాత్రింబగళ్లు కుమిలిపోయింది.

1912లో స్పాలా అనే చోట ఆ బాలుడు చావుబతుకుల్లో పడ్డాడు. అంతిమ సంస్కారాలు కూడా ఇచ్చారు. అప్పుడు సైబీరియా నుండి రాస్పుటిన్ పంపిన టెలిగ్రాము వచ్చింది: బిడ్డ చనిపోడు, వైద్యులను అతిగా కదిలించనివ్వకండి అని దాని సారాంశం. బిడ్డ కోలుకున్నాడు. అది ప్రార్థనా ఫలమా, తల్లి కుదుటపడటం వల్ల బిడ్డకూ నెమ్మది చిక్కిందా, వైద్యులు ముట్టుకోకపోవడమే మేలు చేసిందా? ఈ చర్చ నేటికీ తెగలేదు. ఆ తల్లికి మాత్రం ఏ సందేహమూ లేదు. ఆమెను తప్పుపట్టే ముందు, బిడ్డ మంచం పక్కన తెల్లవార్లూ కూర్చున్న ఏ తల్లినైనా తలచుకోండి. మునిగిపోయేవాడికి గడ్డిపోచే ఆధారం.

కథ ఇక్కడే ఆగి ఉంటే రాస్పుటిన్ పేరు మనకు తెలిసేదే కాదు. 1915లో నికొలాస్ సైన్యాధిపత్యం తానే తీసుకొని యుద్ధరంగానికి వెళ్లాడు. రాజధానిలో వ్యవహారాలు చాలావరకు మహారాణి చేతికి వచ్చాయి. ఆమె భర్తకు రాసిన ఉత్తరాల్లో, ఫలానావానిని మంత్రిగా ఉంచండి, ఫలానావానిని తీసివేయండి, మన మిత్రుని అభిప్రాయం కూడా ఇదే అన్న ధోరణి మాటిమాటికీ కనిపిస్తుంది. 1916 మొదలుకొని ఏడాది తిరిగేలోగా ప్రధానమంత్రి మూడుసార్లు మారాడు. సరిహద్దులో లక్షలమంది సైనికులు చస్తుంటే, రాజధానిలో రొట్టె దొరక్కుంటే, ఆఫీసుల్లో నేటి మంత్రి రేపుంటాడో లేదో తెలియని స్థితి.

అంతా రాస్పుటినే చేశాడనడం కూడా సరికాదు. యుద్ధానికి వెళ్లవద్దని 1914లో ఆయన చెప్పిన మాటను చక్రవర్తి వినలేదు. ఆయన పలుకుబడి ఎంతో, దాని మీద అల్లిన పుకార్లు అంతకు పదింతలు. అందుకూ కారణం ఉంది. యువరాజు జబ్బును రాజకుటుంబం ప్రజలకు చెప్పకుండా దాచింది. తాగుడు, వ్యభిచారం గురించి చెడ్డపేరున్న ఈ పల్లెటూరి మనిషి అంతఃపురంలోకి ఎందుకు వెళుతున్నాడో ప్రజలకు తెలియదు. తెలియనిచోట ఊహ అల్లుకుంటుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, తలుపులన్నీ మూసుకున్న ఇంట్లో కొద్దిపాటి నిప్పు కూడా ఊపిరాడనంత పొగ పెడుతుంది. 1916 డిసెంబరులో కొందరు రాజవంశీకులు, కులీనులు కలిసి రాస్పుటిన్‌ను చంపారు. మూడు నెలలు తిరక్కుండానే, 1917 మార్చిలో చక్రవర్తి సింహాసనం దిగాడు. 1918 జూలైలో ఆ తల్లీ, తండ్రీ, ఆ జబ్బు బిడ్డా, నలుగురు అక్కలూ తుపాకీ గుళ్లకు బలయ్యారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ రాజదంపతులు ఎక్కడ తప్పటడుగు వేశారు? ప్రార్థన కోరడంలో కాదు. సలహా అడగడంలోనూ కాదు. 'ఇతడు నా బిడ్డ ప్రాణం నిలిపాడు' అన్న మాట నుండి 'కనుక మంత్రిగా ఎవరుండాలో కూడా ఇతనికి తెలుసు' అన్న మాటకు దూకారు. ఆ రెండు మాటల మధ్య వంతెన లేదు. మొదటిది నూటికి నూరుపాళ్లు నిజమైనా రెండవది దాని వెంట రాదు. చంద్రస్వామి సంగతీ అంతే. 1975లో లండనులో మార్గరెట్ థాచర్‌కు మూడు నాలుగేళ్లలో ప్రధానమంత్రి అవుతావని ఆయన చెప్పినట్టు, ఆ మాటలను తర్జుమా చేసిన నట్వర్ సింగ్ రాశారు. ఆమె 1979లో ప్రధాని అయింది. సరే, జోస్యం ఫలించిందనే అనుకుందాం. జోస్యం చెప్పినవాడు సత్యవంతుడని, నిస్వార్థుడని, దేశానికి మేలు కోరేవాడని దానివల్ల రుజువవుతుందా?

పునీత తోమాసు అక్వినాసు ఈ చిక్కును ఏడు వందల ఏళ్లకు పూర్వమే విప్పారు. ప్రవచించే వరం, దైవప్రేమ అనేవి రెండు వేరు వేరు సంగతులనీ, ప్రేమ లేనివానిలో కూడా ప్రవచన వరం ఉండవచ్చుననీ ఆయన బోధించారు. వివేకం గురించి చెబుతూ ఆయన మూడు మెట్లు చూపారు: విచారించడం, తీర్పు చేసుకోవడం, ఆచరణకు పూనుకోవడం. విచారణలో పదిమందినీ అడగాలి. పెద్దల మాట వినే వినయం వివేకంలో భాగమే. కాని తీర్పు, ఆచరణ అనే ఆ మిగతా రెండు మెట్లూ ఎవరికి వారే ఎక్కాలి. అంతరాత్మను తాకట్టు పెట్టడానికి వీలులేదు. బాధ్యత నాది, నిర్ణయం మరొకరిది అన్నచోట రాజు రాజుగా ఉండడు, తండ్రి తండ్రిగా ఉండడు.

బైబులు గ్రంథం కూడా ఈ మాటే చెబుతుంది. కర్ణపిశాచులను అడిగేవారిని దేశం నుండి వెళ్లగొట్టిన సౌలు రాజే, ఫిలిస్తీయుల దండును చూసి గుండె జారి, మారువేషంలో రాత్రివేళ ఎండోరులోని సోదెకత్తె ఇంటికి వెళ్లాడు. దావీదు రాజు వద్దకు నాతాను ప్రవక్త వచ్చాడు. రాజు చేసిన పాపాన్ని రాజు ముఖంమీదే చెప్పాడు. పదవి అడగలేదు, ఎవరినీ మంత్రిని చేయమనలేదు. తీర్పు దావీదు నోటనే వచ్చేలా ఒక చిన్న కథ చెప్పి ఊరుకున్నాడు. నిజమైన దైవజనుడు మన అంతరాత్మను మేల్కొలుపుతాడు. దాని స్థానంలో తాను వచ్చి కూర్చోడు.

ఇదంతా రాజుల సంగతి, మనకేమిటి అనుకోవద్దు. మా గొలుగొండ దాటితే మన్యం. చిల్లంగి పెట్టాడన్న అనుమానంతో మనిషిని కొట్టి చంపిన వార్తలు మన్యం ప్రాంతాల నుండి ఎన్నోసార్లు వచ్చాయి. అటువంటి ఘోరం ఎలా మొదలవుతుందో చూడండి. బిడ్డకు జ్వరం. ఒకాయన మంత్రం వేశాడు, వేరు కట్టాడు, జ్వరం తగ్గింది. సంతోషమే. తరువాత ఇంకొకరికి జబ్బు చేసింది, తగ్గలేదు. 'ఎవరు చేశారో చెప్పండి' అని ఆయననే అడిగారు. ఆయన ఒక పేరు చెప్పాడు. జ్వరం తగ్గించినవాని మాట గనుక మరి సాక్ష్యం అడగలేదు. పెట్రోగ్రాడ్‌లో దూకిన దూకుడే ఇదీ. అక్కడ మంత్రి పదవి పోయింది, ఇక్కడ ఒక ముసలివాని ప్రాణం పోతుంది. పేరు చెప్పినవాడొకడు, కర్ర ఎత్తినవారు పదిమంది. 'ఆయన చెప్పాడు, మేం చేశాం' అన్న మాట ఏ న్యాయస్థానంలోనూ, దేవుని ఎదుటా చెల్లదు.

సాధువులంతా మోసగాళ్లని నేను అనడం లేదు. ఈ మండలంలోని కృష్ణదేవిపేటలోనే అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. గిరిజనులు ఆయనను సన్యాసిగా, మహిమగలవానిగా నమ్మారు. ఆ నమ్మకంతో ఆయన తాగుడు మానమన్నారు, తగవులు పంచాయితీలో తీర్చుకోమన్నారు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడితో మొదలైన పోరాటంలో ముందు తానే నిలిచారు. 1924 మే 7న కొయ్యూరు వద్ద తుపాకీ గుండు తానే తిన్నారు. ఆయుధం పట్టడంలోని తప్పొప్పుల చర్చ వేరు. ప్రజల నమ్మకాన్ని కోట గుమ్మంలో అమ్ముకోలేదు, దాని వెల తన ప్రాణంతో చెల్లించారు.

కనుక ఎవరైనా మహిమగలవారని మీ ఇంటికి వస్తే నాలుగు సంగతులు చూడండి. ఆయన మాటవల్ల లాభం ఎవరికి, నష్టం ఎవరికి? ఆయన పగలు పదిమందిలో చెప్పగలిగిన మాటనే చెబుతున్నాడా? మీకు చేదుగా ఉన్న నిజం ఒక్కటైనా ఎప్పుడైనా చెప్పాడా? ఆయన వచ్చిన తరువాత మీ భయం తగ్గిందా, ఆయన లేకపోతే బతకలేమన్న కొత్త భయం పుట్టిందా?

ఈ పరీక్ష గురువులమైన మాకూ వర్తిస్తుంది. తైలం రాసి ప్రార్థించమని పిలిస్తే అర్ధరాత్రయినా మేము రావాలి. కాని అమ్మాయిని ఎవరికివ్వాలి, పొలం అమ్మాలా వద్దా, ఓటు ఎవరికి వేయాలి, అన్నల పంపకాల్లో ఎవరిది న్యాయం అని అడిగి, 'మీరేది చెబితే అది, ఫాదర్‌గారూ' అంటే, ఆ మాట మాకు తియ్యగానే ఉంటుంది. ఆ తియ్యదనంలోనే ప్రమాదం ఉంది. మీతో కలిసి ఆలోచించడం మా ధర్మం. మీ బదులు ఆలోచించడం మా ధర్మం కాదు. జబ్బుగా ఉన్న బిడ్డ కోసం ప్రార్థన అడగండి, ఆసుపత్రికీ తీసుకువెళ్లండి. సలహా పదిమందినీ అడగండి. ఆ తరువాత దేవుడు మీకిచ్చిన అంతరాత్మ ఎదుట కూర్చొని, నిర్ణయం మీరే చేయండి. రేపు దానికి జవాబు చెప్పవలసింది మీరే గదా.