జలదానమా? జలదాసోహమా?



వేసవి వచ్చినదనగా కూడళ్ళయందు చలివేంద్రములు వెలయుట మన నారాయణఖేడు ప్రాంతమువారికి క్రొత్త కాదు. పందిరి క్రింద తడిగుడ్డ చుట్టిన రంజన్లు, దోసిలి పట్టిన బాటసారి, నీరు పోయు చేయి. దోసిలి పట్టినవాని కులము అడుగరాదు. అదియే ఆ పందిరి ధర్మము. ఇంత సులభమైన పుణ్యము వేరొకటి లేదని మన మనుకొందుము. కాని వరదయో, తుపానో వచ్చి ఊరి నీరంతయు చెడిన నాడు ఈ పని ఇంత సులభమగునా? మంచి మనస్సుతో ఇచ్చిన నీరెల్ల మంచినీరే యగునా?

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. వేలాది ప్రజలు అసువులు బాసిరి. బ్రతికినవారికి నలుదెసల నీరే, త్రాగుటకు మాత్రము గుక్కెడు కరవు. బావులలో, చెరువులలో చేరిన ఉప్పు కాచినను పోదు, బ్లీచింగ్ పొడి చల్లినను పోదు. వెలుపలినుండి నీరు తేక గత్యంతరము లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు, మేడలపై చిక్కుకొనినవారికి డ్రోనులతో ఆహారము, నీరు అందింపవలసి వచ్చినది. ఆ దినములలోనే మున్నేరు ఖమ్మమును ముంచినది. మనది సముద్రతీరము కాదు, మంజీరా పరివాహకమందలి మెట్టభూమి. అయినను ఒక పెద్దవాన మురికిని బావిలోనికి తెచ్చిన చాలును, ఆపద మన గడపలోనికి వచ్చినట్లే.

తేటనీరు వేరు, శుద్ధజలము వేరు. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధి పంపునీటివలన కలరా ప్రబలినదని జాన్ స్నో అను వైద్యుడు నిరూపించెను. ఆ పంపునీరు తల్లికి ఇష్టమని, దూరమున నున్న ఆమెకు కుమారులు దానిని పంపుచుండిరి. ఆ నీటినే త్రాగి ఆమె కలరాతో మరణించినది. ఆ కుమారుల ప్రేమయందు లోపమున్నదా? లేదు. లోపము నీటియందున్నది. కావున సద్భావమొక్కటే చాలదు. తెలిసి చేయుట కూడ ధర్మములో భాగమే.

ఆ తెలివి దుర్లభమైనది కాదు. నీటిని ఒక నిమిషము తెర్లునట్లు మరగించిన రోగక్రిములు నశించును. వంటచెరకు లేనిచోట బురదను తేర్చి, మడతల గుడ్డతో వడగట్టి, క్లోరిన్ కలిపి కనీసము అరగంట ఉంచవలెను. పిమ్మట లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. ఈ అరగంటయే దాతకు పరీక్ష. ఎదుట జనసమూహము, ఏడ్చుచున్న పసిబిడ్డ. వెంటనే పోసి పుణ్యము కట్టుకొనవలెనని చేయి తహతహలాడును.

“దాహముతో ప్రాణము పోవుచున్నవానిని అరగంట ఆగుమనుట ధర్మమా?” అని ఎవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. వేరు నీరు లేనిచో, ఉన్నదానిలో మేలైనది ఇచ్చి ప్రాణము నిలుపవలసినదే. కాని అట్టి సంకటము ఎందువలన వచ్చినది? ముందుగా సిద్ధపడవలసినవారు సిద్ధపడనందువలన. ఆ అరగంట దాహార్తునిది కారాదు, దాతది కావలెను. వాని రాకకు ముందే మనము దానిని వెచ్చించియుండవలెను.

మన పొరుగు జిల్లాయైన బీదరులోని కల్యాణమున, పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు కాయక దాసోహములను బోధించెను. దానమున ఇచ్చు చేయి పైన, పుచ్చుకొను చేయి క్రింద. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. పుచ్చుకొనువానియందు జంగముని చూచువాడు, తాను త్రాగజాలని నీటిని వానికి పోయగలడా? ఇదే కొలత: పంచువాడు మొదట తానొక గ్రుక్క ఆ కుండలోనిదే త్రాగవలెను.

ఆపదలో మనిషికి దినమునకు కనీసము 15 లీటర్ల నీరు కావలెనని సహాయసంస్థలు అనుసరించు ప్రమాణము చెప్పుచున్నది. త్రాగుటకే గాక వంటకు, శుభ్రతకు కూడ. ఒక సీసా చేతికిచ్చి ఛాయాచిత్రము తీయించుకొనుటతో ఇది తీరదు. శుద్ధజలము మానవుని హక్కని 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించినది. హక్కైనదానిని ఇచ్చుట ఉపకారము కాదు, బాకీ తీర్చుట.

కావున మన యువకులు వర్షములకు ముందే ఊరి బావిని శుభ్రపరచి, మూతవేసిన బ్లీచింగ్ పొడిని తాజాగా నిలువయుంచి, దానిని కలుపు పద్ధతిని నేర్చుకొందురు గాక. ఎవరును చూడని దినమున చేయు ఈ పనియే కాయకము. ఆపదనాడు దానినుండి పుట్టునదే జలదాసోహము.