ప్రతి గింజకూ దాని రూపం

చదువవలసిన భాగం: 1 కొరింథీయులకు 15:35–38

డేలిలీ పువ్వు ఉదయం విచ్చుకుని రాత్రికల్లా వాడిపోతుంది. అమెరికాలో ఇంటి పెరట్లో వీటిని గింజల నుంచి పెంచేవాళ్లు ఆ ఒక్క ఉదయం కోసం కాచుకుని, ఒక మొక్క పుప్పొడిని మరో మొక్క పువ్వు కీలాగ్రానికి అద్దుతారు. ఫలిస్తే కాయ కడుతుంది. అది ఎండి పగలడానికి దాదాపు రెండు నెలలు. లోపల నల్లగా మెరిసే గింజలు. వాటిని తడి కాగితంలో చుట్టి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత విత్తుతారు. మొలక పూతకు రావడానికి సాధారణంగా రెండు మూడేళ్లు.

ఇంత ఓపిక పట్టినా తల్లి మొక్క పువ్వే మళ్లీ రాదు. నేటి తోటల్లోని డేలిలీలు ఎన్నో తరాల సంకరాలు. ఒకే కాయలోని గింజలు తలో తీరుగా పూస్తాయి. అచ్చం అదే పువ్వు కావాలంటే దుబ్బు విడదీసి నాటుకోవాలి. గింజ వేశామంటే మనం ఎన్నడూ చూడని పువ్వుకు చోటిచ్చినట్టే. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో ఆర్లో స్టౌట్ ఏళ్ల తరబడి ఇలా సంకరాలు చేశాడు. పసుపు, నారింజ రంగులే ఎక్కువగా ఎరిగిన తోటలకు 1934లో ఆయన ముదురు ఎరుపు ‘థెరాన్’ను అందించాడు.

మృతులు ఎలాంటి శరీరంతో లేస్తారన్న ప్రశ్నకు జవాబిస్తూ పౌలు గింజను చూపించాడు. మొలిచేదానికి రూపమిచ్చేది విత్తినవాడు కాదు, దేవుడు. ఈ సత్యం పునరుత్థాన దినానికే పరిమితం కాదని నా నమ్మకం. పిల్లల కోసం మనం చేసే ప్రార్థనలు చాలావరకు దుబ్బు విడదీసే ప్రార్థనలు. నాలాగే చదవాలి, వాళ్ల అన్నలాగే స్థిరపడాలి అని అడుగుతాం. అందులో ప్రేమ లేదనను. కానీ దేవుడు మన చేతిలో పెట్టింది గింజను. పెద్దగా మాట్లాడని కొడుకులో, వేరే చదువు కావాలనే కూతురిలో ఆయన ఏమి దాచాడో పూత రాకముందే తేల్చేసే అధికారం మనకు లేదు. రెండో ఏడూ ఆకులే ఉన్నాయని ఎవరూ మొక్కను పీకెయ్యరు కదా! నీళ్లు పొయ్యడం, కలుపు తియ్యడం మాత్రం మన పనే. అందులో లోటు రానివ్వకూడదు.

ఈ ఉదయం మీ పిల్లల్ని పేరుపేరునా దేవుని ఎదుట పెట్టండి. వాళ్లు ఎలా ఉండాలో ఆయనకు చెప్పకండి. వాళ్లలో ఆయన ఏమి ఉంచాడో చూపించమని అడగండి.