గుణవంతులు కావలెను

"నిజాయితీ, వినయము, విధేయత గల గుమాస్తా కావలెను." ఇటువంటి ప్రకటనలు మనం చూస్తూనే ఉంటాము. చదువుకు పట్టా సాక్ష్యం. అనుభవానికి పాత యజమాని వ్రాసి ఇచ్చిన పత్రం సాక్ష్యం. మరి నిజాయితీకి సాక్ష్యమేది? అంతకంటె ముందుగా ఆలోచించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆ గుణాన్ని కోరే యజమాని, తన కొలువులో దానికి నిలువ నీడ ఇవ్వగలడా?

సేవకుని శీలాన్ని పరీక్షించాలనే ఆలోచన మనకు కొత్తది కాదు. అమాత్యులను ధర్మ, అర్థ, కామ, భయములనే నాలుగు ఉపధలతో, అనగా రహస్య పరీక్షలతో శోధించాలని కౌటిల్యుడు అర్థశాస్త్రం ప్రథమాధికరణంలో విధించాడు. ధర్మపరీక్షలో నిలిచినవారికి న్యాయనిర్ణయం, ధనాశకు లొంగనివారికి పన్నుల వసూలు, కోశాగారం అప్పగించాలి. నాలుగింటిలోను నిర్దోషి అయినవాడే మంత్రి పదవికి తగినవాడు. ఏ పనికి ఏ గుణం అవసరమో ముందుగా యజమాని ఎరిగి ఉండాలని దీని సారాంశం.

ఇంత కఠినమైన పరీక్షలు చెప్పిన ఆచార్యుడే ఒక హెచ్చరిక కూడ చేశాడు. నీటిలో విషం కలిపినట్లు, నిర్దోషిని పరీక్ష పేరిట చెడగొట్టరాదన్నాడు. ఒకమారు చలించిన మనస్సు మరల పూర్వస్థితికి రాకపోవచ్చు. కనుక పరీక్షించేవానికి కూడ ఒక ధర్మం ఉన్నది.

ఆ ధర్మమేమిటో శ్రీమద్రామాయణం మరింత స్పష్టంగా తెలుపుతుంది. అయోధ్యాకాండలో, చిత్రకూటానికి వచ్చిన భరతుని శ్రీరాముడు రాజ్యపాలనను గూర్చి ప్రశ్నిస్తాడు. పరీక్షలలో శుద్ధులని తేలినవారిని ఉత్తమ కార్యాలలో నియమించావా అని అడుగుతాడు. ఆ వరుసలోనే, సైన్యానికి భత్యము, వేతనము సకాలంలో ఇస్తున్నావా అని కూడ అడుగుతాడు. జీతం కాలం మించితే భృత్యులు ప్రభువుపై కోపిస్తారని, చెడిపోతారని, అది మహానర్థమని చెబుతాడు. సేవకుడు చెడిపోవడానికి ప్రభువు చేసే జాప్యం కూడ కారణమౌతుందన్నమాట!

నేనెరిగిన ఒక యువకుడు ఒక వర్తకుని వద్ద లెక్కలు వ్రాసే పనిలో చేరాడు. "అబద్ధమాడేవాడు నా దుకాణంలో ఉండరాదు" అని చెప్పి మరీ ఆ వర్తకుడు చేర్చుకున్నాడు. ఆరు నెలల తరువాత రెండు ఆవర్జాలు ముందుంచి, "ఇది మనకు, ఇది పన్నుల అధికారికి" అన్నాడు. "అయ్యా, మీతో అబద్ధమాడరాదన్నారు. మీ కోసం ఆడవచ్చునా?" అని యువకుడు అడిగాడు. నెల తిరుగకముందే కొలువు పోయింది. ఇంట తల్లి ఉన్నది, పెండ్లి కావలసిన చెల్లెలు ఉన్నది. "అలా అడిగినందుకు విచారిస్తున్నావా నాయనా?" అన్నాను. "విచారం లేకపోలేదండీ. కాని ఆ రెండవ పుస్తకంలో నా చేతివ్రాత లేదు" అన్నాడు.

ఆ వర్తకుడు కోరింది సత్యాన్ని కాదు, తనకు నష్టం కలిగించని సత్యాన్ని. పొట్టకూటికై వచ్చినవానికి ధర్మం ఒకవైపు, ఆకలి ఒకవైపు నిలిచేటట్లు చేయడం కంటె పెద్ద పాపమేముంటుంది? అందరూ ఆ యువకునివలె నిలువలేరు. నిలువలేనివానిని నిందించే ముందు, వానిని ఆ స్థితికి తెచ్చినవారిని ప్రశ్నించాలి.

ఇది వర్తకులకు మాత్రమే చెప్పే మాట కాదు. నమ్మకమైన పనిమనిషి కావాలని ప్రతి ఇల్లాలు కోరుతుంది. ఆమెకు ఒకటవ తేదీన జీతం అందుతున్నదా? ఇంట ఏదైనా వస్తువు కనిపించకపోతే మొదటి అనుమానం ఆమె మీదికే పోతున్నదా?

భగవంతుని సన్నిధిలో మనమందరం దాసులమని చెప్పుకుంటాము. మన లోపాలను ఎరిగి కూడ ఆయన మనలను కొలువునుండి తొలగించలేదు. ఆ దయలో కొంతయినా మన వద్ద పనిచేసేవారికి పంచి, వారినుండి ఏ గుణాన్ని ఆశిస్తామో ఆ గుణంతోనే వారిని ఆదరించుదుము గాక.